మాస్టర్‌ప్లాన్‌లో రంగు మారితే భూమి పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన వారం రాత్రి పదింటికి ఒకాయన ఫోన్ చేశారు. "సార్, మా సర్వే నంబర్ మీద ఆకుపచ్చ రంగు వేశారంట. మా నాన్న కొన్న ఎకరంన్నర. ఇక గవర్నమెంటుదేనంట కదా?" ఎవరు చెప్పారని అడిగితే, వాట్సాప్‌లో వచ్చిందన్నారు. పద్నాలుగేళ్లుగా పట్టణాల మాస్టర్‌ప్లాన్ల పనిలో ఉన్నాను. ఊళ్లో ఏ నేలను దేనికి వాడాలో రంగులతో చూపే మ్యాపే మాస్టర్‌ప్లాన్. డ్రాఫ్ట్ బయటికొచ్చిన ప్రతి ఊళ్లోనూ ఇదే ఫోన్, ఇదే వణుకు. ఆయన భయాన్ని తప్పుపట్టను. ఆ మెసేజ్ పుట్టించినవాళ్ల మీదే నా కోపం.

అపోహ: రంగు మారితే భూమి పోయినట్టే.

పోలేదు. మ్యాప్‌లోని రంగు ఆ నేలను రేపు దేనికి వాడొచ్చో చెబుతుంది, అది ఎవరిదో చెప్పదు. పాసుపుస్తకం మీ పేరునే ఉంటుంది, రిజిస్ట్రేషన్ కూడా మీ పేరునే. రోడ్డుకో పార్కుకో నిజంగా తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం కింద నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలకు 60 రోజులు ఆగాలి, పరిహారం కట్టాలి. లేదంటే మీరు ఒప్పుకుంటే డబ్బుకు బదులు టీడీఆర్ ఇస్తారు, అంటే మరోచోట అదనంగా కట్టుకోవడానికో, ఇంకొకరికి అమ్ముకోవడానికో వీలయ్యే హక్కు పత్రం. అలాగని రంగుతో నష్టమే లేదని చెప్పను. ఇంటికి పర్మిషన్ రాకపోవచ్చు, ధర పడిపోవచ్చు. అందుకే అసలు విషయం ఈ కింది అపోహ దగ్గర ఉంది.

అపోహ: డ్రాఫ్ట్ వచ్చిందంటే అంతా అయిపోయింది, మనం రాసినా ఎవరూ చదవరు.

ఈ ఒక్క మాట వల్ల జనం పోగొట్టుకున్నంత మరి దేనివల్లా పోగొట్టుకోలేదు. డ్రాఫ్ట్ అంటేనే మార్చడానికి వీలున్న కాగితం. 2023 జనవరిలో కామారెడ్డి, జగిత్యాల డ్రాఫ్టులు రైతుల ఆందోళన తర్వాత వెనక్కి వెళ్లాయి. కామారెడ్డిలో అంతకుముందే ఒక రైతు ప్రాణం పోయింది. పరిస్థితి అంత దూరం రాకూడదనే అభ్యంతరాల గడువు పెట్టేది.

నేను పనిచేసిన ఒక ఊళ్లో టిఫిన్ సెంటర్ నడుపుకునే దంపతులుండేవారు. వాళ్ల ఇంటి మీదుగా అరవై అడుగుల లింకు రోడ్డు గీత పడింది. డ్రాఫ్ట్ వచ్చిన పదిహేను రోజులకే ఒక మధ్యవర్తి "రేపు ఈ ధర కూడా రాదు" అని బెదిరించి సగం ధరకు కొనేశాడు. నాలుగిళ్ల అవతల ఒక రిటైర్డ్ లైన్‌మన్ ఉన్నారు. ఆయన మాత్రం రెండు పేజీలు రాసిచ్చారు. సర్వే నంబరు, చేత్తో గీసిన స్కెచ్, ఒక ఫోటో. తూర్పున పాత బండ్ల బాట పోరంబోకుగా ఉందని, రోడ్డు అటు జరిపితే ఆరు ఇళ్లు నిలుస్తాయని రాశారు. వెళ్లి టేపు పట్టి కొలిచాం. ఆయన చెప్పింది నిజమే. ఫైనల్ ప్లాన్‌లో గీత జరిగింది. ఆ టిఫిన్ సెంటర్ ఆవిడ ఆఫీసుకొచ్చి, "మరి మా ఇల్లు తిరిగి వస్తదా సారూ" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు అన్నం సయించలేదు.

కాబట్టి గడువు లోపల, రాతపూర్వకంగా, ఒక్కొక్క భూమికి విడివిడిగా ఇవ్వండి. మీటింగులో ఎంత గట్టిగా అరిచినా మా అభ్యంతరాల పట్టికలోకి ఎక్కదు. మూడొందల సంతకాలతో "ఈ ప్లాన్ వద్దు" అన్న అర్జీ ఆ పట్టికలో ఒక్క వరుస మాత్రమే. సర్వే నంబరు, ఎందుకు వద్దో కారణం, బదులుగా ఏం చేయొచ్చో సూచన ఉంటే ఎవరో ఒకరు వచ్చి చూడక తప్పదు. రసీదు తీసుకోకుండా కౌంటర్ వదలొద్దు.

అపోహ: ప్లానింగ్ ఇంజినీర్ల పని, జనానికేం తెలుసు?

వాన నీరు ఎటు పోతుందో మా మ్యాప్ కంటే ఆ వీధి వాళ్లకే బాగా తెలుసు. ఒక వార్డులో తిరుగుతుంటే ఒక పెద్దమ్మ తన గోడ మీద మోకాలెత్తు మరక చూపించింది. మేం కమ్యూనిటీ హాలు గీసిన చోటే నీళ్లు ఆగుతాయట. హాలును మిట్ట మీదికి జరిపి, ఆ పల్లాన్ని పిల్లలు ఆడుకునే మైదానంగా వదిలేశాం. వానాకాలంలో నీళ్లు అక్కడే ఇంకుతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. హాజరు రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటే ప్రజల భాగస్వామ్యం అయిపోదు. ప్రహరీ కట్టి, టికెట్ పెట్టి, నేలంతా టైల్స్ పరిస్తే అది పార్కు కాదు. మన దగ్గర ఇలాంటివి కుదరవనేవాళ్లకు పుణె చూపిస్తాను. అక్కడ 2006 నుంచి వార్డు పనులను జనమే సూచిస్తున్నారు. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి, ఒక్కోదానిలో 15 మంది. మీ వార్డులో వాళ్లెవరో ఒకసారి కనుక్కోండి.

ఫోన్ చేసినాయన సోమవారం రసీదు ఫోటో పంపారు. అర్జీ చదివాను. సర్వే నంబరు పక్కన సబ్‌డివిజన్ అక్షరం రాయడం మరిచిపోయారు. మళ్లీ వెళ్లి సరిచేసిన కాపీ ఇవ్వమన్నాను. గడువుకు ఇంకా పదకొండు రోజులుంది.