కిలిమంజారోకి కిడ్నీల వేగంతో

టాంజానియాలోని కిలిమంజారో పర్వతపు కొస పేరు ఉహురు. ఎత్తు 5,895 మీటర్లు, ఆఫ్రికా మొత్తానికీ అదే ఎత్తైన చోటు. అయినా మామూలు దారుల్లో తాడు పట్టుకుని పాకాల్సిన పని ఉండదు, మంచు గొడ్డలి అక్కర్లేదు. కాళ్లూ కీళ్లూ బాగుంటే నడుచుకుంటూ పోవచ్చు. 2014లో, ఇంకా పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2016లో ఈ కొండా ఎక్కింది. అప్పటి నుంచి మన వైపు కూడా దీని పేరు బాగానే వినపడుతోంది.

చిక్కంతా ఆ నడక సులువులోనే ఉంది. కష్టమైన కొండ మనిషిని దానంతటదే ఆపుతుంది. కిలిమంజారో ఆపదు. కాళ్లు రోజుకు వెయ్యి మీటర్లు ఎక్కిస్తాయి, ఒళ్లు మాత్రం ఆ లెక్కన సర్దుకోలేదు.

గాలిలో ఆక్సిజన్ వాటా సముద్ర తీరంలోనూ ఉహురు మీదా ఒకటే, దాదాపు 21 శాతం. తగ్గేది పీడనం. శిఖరం దగ్గర అది తీరంలో ఉన్నదాంట్లో సుమారు సగం. పైగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలి ముందు తడవాలి. ఆ నీటి ఆవిరి ఎత్తుతో సంబంధం లేకుండా ఎక్కడైనా, పాదరసం లెక్కలో, 47 మిల్లీమీటర్ల పీడనం ఆక్రమిస్తుంది. అది తీసేసి లెక్కేస్తే, విశాఖ బీచ్‌లో పీల్చే గాలిలో ఆక్సిజన్ పీడనం 149 మిల్లీమీటర్లు, ఉహురు మీద 70 చిల్లర. అంటే సగం కూడా లేదు.

ఈ లోటును మొదట పసిగట్టేది మెదడు కాదు. మెడలో, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని రెండుగా చీలిన చోట, బియ్యపు గింజంత కణజాలం ఒకటి ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే అది ఊపిరి వేగం పెంచమంటుంది. పెంచగానే ఇంకో గొడవ మొదలవుతుంది. ఊపిరితో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా బయటికి పోతుంది, రక్తం క్షార గుణం వైపు జరుగుతుంది. ఆ మార్పు చూసి మెదడు ‘ఇక చాలు’ అని ఊపిరికి బ్రేకు వేస్తుంది. ఒకరు ఆక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు బ్రేకు తొక్కుతున్నట్టు.

ఈ తగువు తీర్చేది కిడ్నీలు. తినే సోడాలో ఉండే బైకార్బనేట్ మన రక్తంలోనూ ఉంటుంది. కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదిలేస్తూ రక్తాన్ని మళ్లీ దారికి తెస్తాయి. అప్పుడు బ్రేకు వదులై, ఊపిరి కావలసినంత పెరుగుతుంది. కొండ మీద రాత్రి మూడుసార్లు టెంటు జిప్పు తీసుకుని బయటికి వెళ్లాల్సి రావడం విసుగే, కానీ అది మంచి గుర్తు. మూత్రం బాగా తగ్గితేనే అనుమానించాలి. ఈ పని గంటల్లో తెమలదు. ఎక్కిన ప్రతి కొత్త ఎత్తుకూ రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరిగి ఆదుకుంటాయని చాలామంది అనుకుంటారు గానీ, వాటికి వారాలు కావాలి. వారం రోజుల నడకలో వాటి సాయం పెద్దగా అందదు.

ఇప్పుడు ప్యాకేజీల లెక్క చూద్దాం. ఈ కొండ ఎక్కే దారుల్లో ఒకటి మరంగు, దాని గేటు 1,860 మీటర్ల దగ్గర ఉంటుంది. మన ఆంధ్రలోని ఎత్తైన కొండలు కూడా అంత ఎత్తు ఉండవు. అక్కడి నుంచి మొదటి రాత్రి మందారా గుడిసెల్లో 2,720, రెండో రాత్రి హొరొంబోలో 3,720, మూడో రాత్రి కిబోలో 4,720, అదే అర్ధరాత్రి శిఖరానికి. అయిదు రోజుల్లో పోయి రావడం. పర్వత వైద్యుల సూత్రం వేరేలా ఉంది: మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. ఈ ప్యాకేజీ ఆ పరిమితికి రెట్టింపు. అయినా అమ్ముడుపోతుంది, ఎందుకంటే పార్కు రుసుము రోజుల లెక్కన ఉంటుంది, రోజులు తగ్గితే ధర తగ్గుతుంది. డబ్బు ఆదా చేయాలనుకుంటే బూట్లలోనో జాకెట్లోనో కాకుండా, రోజుల్లోనే ఆదా చేస్తారు. సరిగ్గా తిరగేసి చేయాలి. జాకెట్ అద్దెకు దొరుకుతుంది, రోజు దొరకదు. మరంగులోనే వెళ్లాలనుకుంటే కనీసం హొరొంబోలో ఒక రోజు అదనంగా ఉండే ఆరు రోజుల ప్యాకేజీ తీసుకోండి.

ఏడు రోజుల మచామే దారి ఇంతకంటే తెలివైనది. క్యాంపుల ఎత్తులు వరసగా సుమారు 2,850, 3,800, 3,950, 4,000, 4,650. రెండో రాత్రి పెరుగుదల ఇక్కడా ఎక్కువే, కానీ ఆ తర్వాత దాదాపు ఒకే ఎత్తులో రెండు రాత్రులు దొరుకుతాయి. మూడో రోజు మధ్యాహ్నం 4,600 మీటర్ల దగ్గరున్న లావా టవర్ అనే రాతి దిమ్మె దాకా ఎక్కించి, సాయంత్రానికి బరాంకో లోయలోకి దింపుతారు. కొత్తవాళ్లు ‘ఎక్కించి దింపడం ఎందుకు, సూటిగా పోవచ్చుగా’ అని గొణుగుతారు. అసలు కీలకం అదే. పగటి పూట ఎత్తులో గడిపిన గంటలు మెడలోని ఆ బియ్యపు గింజను బాగా తట్టి లేపుతాయి. రాత్రి నిద్రలో ఊపిరి మందగిస్తుంది, ఆక్సిజన్ మరింత పడిపోతుంది, అందుకే పడుకునేది తక్కువ ఎత్తులోనే ఉండాలి.

ఆ నిద్ర పక్కవాళ్లను భయపెట్టేలా ఉంటుంది. ఊపిరి క్రమంగా పెరుగుతుంది, తగ్గుతుంది, పది సెకన్లు పూర్తిగా ఆగుతుంది, ఆ మీదట ఒక్కసారిగా ఎగశ్వాస. ఇందాకటి ఆక్సిలరేటరూ బ్రేకూ తగువే ఇది. ఎత్తులో ఇది మామూలే, ప్రమాద సూచన కాదు. నిద్ర పట్టలేదని నిద్రమాత్రో, చలి అని మద్యమో పుచ్చుకోవడమే ప్రమాదం, రెండూ ఊపిరిని ఇంకా అణుస్తాయి.

డయామాక్స్ అనే పేరుతో దొరికే ఎసిటజోలమైడ్ చేసేది కిడ్నీలను తొందరపెట్టడమే. బైకార్బనేట్‌ను త్వరగా వదిలేలా చేస్తుంది. డాక్టరు సరేనంటే, మామూలుగా 125 మిల్లీగ్రాములు ఉదయం, రాత్రి, ఎక్కడానికి ముందు రోజు నుంచే. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. వేళ్ల కొసల్లో తిమ్మిర్లు వస్తాయి, కంగారు పడక్కర్లేదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ లక్షణం (ఎర్ర రక్తకణాల లోపపు జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే రావడం) ఉన్నవాళ్లు మాత్రం బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడాలి. కింద ఏ ఇబ్బందీ పెట్టని ఆ లక్షణం, ఇంత ఎత్తులో ప్లీహాన్ని దెబ్బతీయవచ్చు.

తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరగడం లాంటివి తోడైతే అది ఎత్తు జబ్బు. చాలామంది చేసే తప్పు, గైడుకు చెప్పకుండా నొప్పి మాత్ర వేసుకుని పైకి నడవడం. చెబితే వెనక్కి పంపేస్తారని భయం. మాత్ర వేసుకోవచ్చు, అరలీటరు నీళ్లు తాగి, ఉన్న ఎత్తులోనే ఆగాలి. తగ్గితేనే పైకి. అసలు భయపడాల్సినవి రెండు. ఒక కాలి మడమను రెండో కాలి బొటనవేలికి ఆనించుకుంటూ గీత మీద పదడుగులు నేరుగా వేయలేకపోతే, మాట తడబడితే, మెదడు వాస్తోందని అర్థం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గులో నురగ కనిపిస్తే, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఈ రెండోది ఒక ఎత్తుకు చేరిన రెండో రాత్రి పట్టుకోవడం ఎక్కువ. రెండింటికీ అసలు మందు దిగడం. తెల్లారేదాకా ఆగకుండా దిగాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ చూపే అంకెను ఒక్కదాన్నే నమ్మకండి. పై క్యాంపులో 80 దగ్గర ఉండటం అక్కడ సాధారణం. వేలు చల్లబడినా, నెయిల్ పాలిష్ ఉన్నా అంకె తప్పుతుంది.

తిండి సంగతి. 4,650 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 85 డిగ్రీలకే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు, ఆవిరైపోతాయంతే. కందిపప్పు గంట సేపు మరిగినా బద్ద బద్దగానే ఉంటుంది, ప్రెషర్ కుక్కర్ లేకపోతే ఆశ వదులుకోవాల్సిందే. ఆ వేడికి క్రిములు మాత్రం చస్తాయి, తాగే నీటికి బెంగ లేదు. ఆకలి చచ్చిపోయినా అన్నం, జావ, బంగాళాదుంప లాంటివి కొంచెం కొంచెంగా తినాలి. ఒకే ఆక్సిజన్‌కు కొవ్వు కంటే పిండి పదార్థం ఎక్కువ శక్తినిస్తుంది. ఆవకాయ సీసా ఒకటి తీసుకెళ్లడం వృథా కాదు. అయితే పోర్టరు మోసే మీ సంచి 15 కిలోలు దాటకూడదు. మచామే దారిలో చివరి నీళ్లు కరంగా లోయలోనే. పై క్యాంపుకు చేరే ప్రతి చుక్కా పోర్టర్ల వీపు మీదే వస్తుంది.

ఆ పై క్యాంపు పేరు బరాఫు, స్వాహిలీలో మంచుగడ్డ. హైదరాబాదీల బరఫ్‌కు చుట్టమే. అక్కడి నుంచి అర్ధరాత్రి బయల్దేరతారు. రాత్రి పూట రాతి పొడి గడ్డకట్టి కాలు జారదు, దిగడానికి పగలంతా మిగులుతుంది. ఎక్కాల్సింది సుమారు 1,250 మీటర్లు, పట్టేది ఆరేడు గంటలు. గైడ్లు ‘పోలే పోలే’ అంటుంటారు, మెల్లగా మెల్లగా అని. మర్యాదకు అనే మాట కాదది. 1,500 మీటర్లు దాటాక ప్రతి వెయ్యికీ ఒంటి గరిష్ఠ సామర్థ్యం పది శాతం దాకా పడిపోతుంది. పైన మిగిలేది ఇంచుమించు సగం. కింద హాయిగా వేసే అడుగు అక్కడ పరుగుతో సమానం. ఒక వాక్యం ఆపకుండా పలకలేకపోతే మీరు వేగంగా నడుస్తున్నట్టే. అలిపిరి 3,550 మెట్లు వారానికోసారి ఎక్కి వెళ్లినవాళ్ల తొడలు గట్టిపడతాయి, అది నిజంగా పనికొస్తుంది. కానీ తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లు కూడా లేదు, కిడ్నీలకు ఆ మెట్ల సంగతి తెలియదు. గట్టి కాళ్లున్న కుర్రాళ్లే ముందు పడిపోవడం చూస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, వాళ్లే వేగంగా ఎక్కుతారు కాబట్టి.

చలి సున్నాకు పది, పదిహేను డిగ్రీలు దిగువన ఉంటుంది. వీపు సంచి నుంచి నోటికొచ్చే నీటి గొట్టం ముందుగా గడ్డకడుతుంది. తాగిన ప్రతిసారీ గొట్టంలోని నీటిని లోపలికి ఊదేయాలి. సీసాను తలకిందులుగా పెట్టుకోవాలి, నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర ద్రవం మిగులుతుంది. ఫోనూ, హెడ్ ల్యాంపు అదనపు బ్యాటరీలూ లోపలి చొక్కా జేబులో పెట్టుకోవాలి. ఆగితే అయిదు నిమిషాలే, చెమట చల్లబడిందంటే మళ్లీ వేడెక్కడం కష్టం.

శిఖరం మీద ఫొటోకు పావుగంట. ఆ వెంటనే అదే రోజు 3,100 మీటర్ల దగ్గరి మ్వేకా క్యాంపు దాకా, ఇంచుమించు 2,800 మీటర్ల దిగుడు. బొటనవేలి గోర్లు నల్లబడేది ఇక్కడే. ముందు రోజు గోర్లు కత్తిరించి, దిగేటప్పుడు చీలమండ దగ్గర లేసులు బిగిస్తే కాలు ముందుకు జారదు. తొడ కండరాలు సాగుతూ బరువును ఆపాలి, ఎక్కడం కంటే దిగడమే వాటిని ఎక్కువ దెబ్బతీస్తుంది. కర్రలు రెండూ ఇప్పుడే వాడాలి.

కిందికి దిగాక దాహంతో ఒక సోడా కొనుక్కుంటే, డయామాక్స్ వేసుకున్నవాళ్లకు అది చప్పగా ఉంటుంది. గ్యాసు పోయిన సోడా అంటగట్టారని షాపతని మీద కోప్పడకండి. నాలుకకు కార్బన్ డయాక్సైడ్ చురుకును తెలిపే ఎంజైమూ, కిడ్నీల్లో ఆ మాత్ర ఆపే ఎంజైమూ ఒకే కుటుంబం. మాత్ర ఇంకా ఒంట్లో ఉంది, అంతే.