హీమోఫీలియా ఉన్న బిడ్డకు ఏం చెప్పాలి? అపోహలు - వాస్తవాలు

హీమోఫీలియా అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన 'ఫ్యాక్టర్' అనే ప్రొటీన్ తక్కువగా ఉండే జబ్బు. ఆ పిల్లలకు ఫ్యాక్టర్ ఎక్కించే వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. అమ్మానాన్నలు డాక్టరుగారిని అడిగే ప్రశ్నలు వేరు, నేను సూది పెడుతుంటే పిల్లలు నన్ను అడిగేవి వేరు. ఇంట్లో ఏమనుకుంటున్నారో పిల్లల ప్రశ్నల్లోనే తెలిసిపోతుంది.

అపోహ: పసివాడు, వాడికి ఇప్పుడే ఎందుకు చెప్పడం?

వాస్తవం: మీరు చెప్పకపోతే వాడే ఒక కారణం అల్లుకుంటాడు. నాలుగైదేళ్ల పిల్లలకు తోచేది చాలాసార్లు ఒకటే: "అల్లరి చేశాను, అందుకే సూది." అందుకని మొట్టమొదట, ఇది నీ తప్పు కాదు, అమ్మ తప్పూ కాదు అని చెప్పండి. ఆ తర్వాత జబ్బు సంగతి. నేనైతే ఇలా చెబుతాను: గాయమైనచోట గోడ కట్టాలని పిల్లలు వరుసగా నిలబడి ఇటుకలు అందిస్తున్నారు. ఎనిమిది అనేవాడు రాలేదు. ఇటుక అక్కడే ఆగిపోయింది. ఈ మందుతో వాణ్ణి తెచ్చి వరుసలో నిలబెడుతున్నాం. (ఎనిమిది అంటే ఎనిమిదో ఫ్యాక్టర్, అది తక్కువైతే హీమోఫీలియా 'ఎ'. హీమోఫీలియా 'బి' అయితే రానివాడు తొమ్మిది.) రెండ్రోజులకు వాడు మళ్లీ వెళ్లిపోతాడు, అందుకే మళ్లీ సూది. నొప్పి ఉండదని మాత్రం అబద్ధం చెప్పకండి. మరుసటిసారి మీ మాట నమ్మరు.

అపోహ: చిన్న గీత పడినా రక్తమంతా కారిపోతుంది.

వాస్తవం: రక్తం అందరికన్నా వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది. పైపై గాయాలు అదిమిపడితే చాలావరకు ఆగుతాయి. మా భయమంతా లోపలి రక్తస్రావం గురించే: మోకాలు, చీలమండ, మోచేయి, కండరాలు, అన్నిటికన్నా తల. ఫ్యాక్టర్ మామూలుగా ఉండాల్సినదానిలో 1 శాతం కన్నా తక్కువున్న పిల్లలకు దెబ్బ తగలకపోయినా కీళ్లలోకి రక్తం దిగుతుంది.

అపోహ: వాపు వస్తే అప్పుడు చూద్దాం.

వాస్తవం: వాపు కనిపించిందంటే ఆలస్యమైనట్టే. దానికన్నా ముందు బిడ్డకు లోపల ఏదో తెలుస్తుంది. "మోకాల్లో చీమలు పాకుతున్నాయి" అంటాడు ఒకడు, "కాలు బిగుసుకుంది" అంటాడు మరొకడు. ఆ కబురు అందించగలిగేది వాడొక్కడే. వాడు చెప్పగానే "ఎందుకు దూకావురా?" అని గద్దించారా, మళ్లీ చెప్పడు. కుంటుతూ కూడా ఏం లేదంటాడు. ఇలా దాచిన పిల్లల్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఒకే కీలులో పదేపదే రక్తం చేరితే అది శాశ్వతంగా పాడవుతుంది కాబట్టి. "ఎప్పటినుంచి? ఎక్కడ?" అని అడగండి, చెప్పినందుకు మెచ్చుకోండి, ఫ్యాక్టర్ ఎక్కించండి. వేడి కాపడం, నూనె మర్దన, నాటు కట్టు వద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టొచ్చు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు. తలకు గట్టి దెబ్బ తగిలితే ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కాన్.

అపోహ: ఆటలు మాన్పించాలి.

వాస్తవం: కండ బలంగా ఉంటే కీలుకు రక్ష. ఈత చాలా మంచిది. కబడ్డీ, బాక్సింగ్ వద్దు. ఎందుకు వద్దో కూడా బిడ్డకు చెప్పండి.

అపోహ: మేనరికం చేసుకున్నందుకే వచ్చింది, ఆడపిల్లలకు ఏమీ కాదు.

వాస్తవం: ఈ లోపం ఉండేది ఎక్స్ క్రోమోజోములో. తల్లి వాహకురాలైతే (అంటే ఆ లోపాన్ని మోస్తూ పిల్లలకు అందించగలిగితే), బయటి సంబంధం చేసుకున్నా, పుట్టే ప్రతి కొడుక్కీ సగం అవకాశం ఉంటుంది. మూడింట ఒక వంతు కేసుల్లో వంశంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. వాహకులైన ఆడపిల్లల్లో కొందరికి ఫ్యాక్టర్ తక్కువే ఉంటుంది, నెలసరిలో రక్తం విపరీతంగా పోతుంది. అక్కచెల్లెళ్లకు కూడా పెద్దమనిషి కాకముందే ఫ్యాక్టర్ పరీక్ష చేయించండి.