రగ్బీ లీగ్ స్టేడియం కట్టినా, బాగుచేసినా వినిపించే అపోహలు – అసలు వాస్తవాలు

రగ్బీ లీగ్‌లో జట్టుకు పదమూడు మంది. బంతి దక్కిన జట్టుకు ఆరు ట్యాకిళ్ల (బంతి పట్టినవాణ్ని ప్రత్యర్థులు పట్టి ఆపడం) వరకే అవకాశం. ఆలోగా ప్రత్యర్థి గోల్ లైన్ దాటి బంతిని నేలకు అదిమితే ‘ట్రై’. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ వేరే ఆట. రగ్బీ లీగ్‌కు పట్టుగొమ్మలు సిడ్నీ, బ్రిస్బేన్, ఉత్తర ఇంగ్లండ్. సిడ్నీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్న పారమాటా, వెస్ట్‌మీడ్ ప్రాంతాల నుంచి కామ్‌బ్యాంక్ స్టేడియానికి నడిచి వెళ్లొచ్చు. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకూ, అక్కడి నిర్మాణ సంస్థల్లో పనిచేసే మన ఇంజినీర్లకూ ఈ ఆట కొత్త కావచ్చు. స్టేడియాల గురించి మాత్రం అభిప్రాయాలకు కొదవ ఉండదు. వాటిలో ఎక్కువ భాగం సీట్ల సంఖ్యతో మొదలవుతాయి. స్టేడియాలు కట్టే, బాగుచేసే మా పనిలో అది చివరికి తేలే అంకె. లెక్క మొదలయ్యేది పచ్చిక అంచు నుంచి.

అపోహ: సీట్లు ఎంత ఎక్కువుంటే స్టేడియం అంత గొప్పది.

వాస్తవం: 2000 ఒలింపిక్స్ కోసం సిడ్నీలో కట్టిన ‘స్టేడియం ఆస్ట్రేలియా’లో 1999 రగ్బీ లీగ్ గ్రాండ్ ఫైనల్‌కు 1,07,999 మంది వచ్చారు. అలాంటి రోజు ఏడాదికి ఒకటో రెండో ఉంటాయి. మామూలు వారాంతంలో అదే చోట 15,000 మంది కూర్చుంటే కుర్చీలే కనిపిస్తాయి, కేకలు పైకప్పు దాకా చేరవు. పాత పారమాటా స్టేడియాన్ని కూల్చి, అదే స్థలంలో 2019లో తెరిచిన కామ్‌బ్యాంక్ స్టేడియం సామర్థ్యం 30,000. టౌన్స్‌విల్‌లో 2020లో తెరిచినదానికి 25,000. రెండూ తమ జట్ల సాధారణ మ్యాచ్‌ను కొలతగా పెట్టుకుని కట్టినవే. ఇంగ్లండ్ సూపర్ లీగ్ క్లబ్బులకిచ్చే గ్రేడింగ్‌లో కూడా స్టేడియం వాటా 15 శాతమే. అందులోనూ సామర్థ్యం ఒక్కదాన్నే చూడరు, అందులో ఎంత నిండుతోందో కూడా చూస్తారు. నిండని స్టాండ్‌ను శుభ్రం చేయాలి, కాపలా పెట్టాలి, బీమా కట్టాలి. ఖర్చు మాత్రం నిండుగానే ఉంటుంది.

అపోహ: మెట్ల వాలు నిటారుగా ఉంటే చాలు, అందరికీ ఆట బాగా కనిపిస్తుంది.

వాస్తవం: చూడాల్సింది ముందు వరుసలోని తల మీదుగా మీ చూపు ఎంత ఎత్తున పోతుందన్నది. దాన్ని సీ-విలువ అంటారు. 120 మి.మీ. ఉంటే చాలా బాగుంటుంది, 90 ఉంటే మంచిది, 60 కంటే తగ్గితే ముందువాడి టోపీయే కనిపిస్తుంది. లెక్క ఇది: సీ = డీ × (ఎన్ + ఆర్) ÷ (డీ + టీ) − ఆర్. డీ అంటే ముందు వరుసవారి కంటి నుంచి టచ్‌లైన్‌కు (మైదానం పక్క గీతకు) అడ్డ దూరం, ఆర్ అంటే టచ్‌లైన్ కంటే ఆ కన్ను ఎంత ఎత్తున ఉందో ఆ కొలత, ఎన్ మెట్టు ఎత్తు, టీ మెట్టు లోతు.

ఒక ఉదాహరణ వేద్దాం. కన్ను టచ్‌లైన్‌కు 20 మీటర్ల దూరంలో, 6 మీటర్ల ఎత్తులో ఉంది. మెట్టు లోతు 0.8 మీ. మెట్టు ఎత్తు 0.4 మీ. అయితే సీ-విలువ 154 మి.మీ. వస్తుంది. ఎత్తును 0.3 మీటర్లకు తగ్గిస్తే 58 మి.మీ.కు పడిపోతుంది. పది సెంటీమీటర్ల తేడాతో మంచి సీటు పనికిరాని సీటవుతుంది. వెనక్కి వెళ్లేకొద్దీ అదే సీ-విలువ నిలబెట్టాలంటే మెట్టు ఎత్తు పెరుగుతూ పోవాలి, అందుకే మంచి స్టాండ్ అడ్డుకోత తిన్నని గీతలా కాకుండా పైకి వంగి ఉంటుంది. దీనికి హద్దు 34 డిగ్రీలు. 0.8 మీటర్ల లోతుకు అది 0.54 మీటర్ల ఎత్తన్నమాట. కామ్‌బ్యాంక్ స్టేడియంలో పై అంచెలు ఈ హద్దు దాకా వెళ్లాయి. ఆ వాలులో ప్రతి వరుసకూ ముందు రైలింగ్, నడవాలో పట్టుకోవడానికి కమ్మీ తప్పనిసరి అనుకునే గీయాలి. మెట్లు దిగే పెద్దవాళ్లకు అక్కడ కాలు తడబడితే ఆగే చోటుండదు.

ఇక అందరూ మరిచిపోయేది, తర్వాత తెచ్చి పెట్టే ప్రకటనల ఎల్ఈడీ బోర్డులు. మొదటి వరుస కన్ను మైదానానికి 2 మీటర్ల ఎత్తున, టచ్‌లైన్‌కు 8 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 0.9 మీ. ఎత్తున్న బోర్డును టచ్‌లైన్‌కు 4 మీటర్ల దూరంలో పెడితే గీత పూర్తిగా కనిపిస్తుంది. దాన్నే ఒక మీటరు ముందుకు జరిపి 3 మీటర్ల దగ్గర పెడితే, గీతకు లోపలివైపు మీటరుకు పైగా పచ్చిక కనుమరుగవుతుంది. అంచు వెంబడి పరుగెత్తే వింగర్ మూలకు దూకి ట్రై చేసేది సరిగ్గా అక్కడే. పైగా అంత వేగంతో జారుకుంటూ వచ్చే ఆటగాడికి 3 మీటర్లు చాలవు, కనీసం 5 మీటర్లు ఖాళీగా ఉండాలని మేం పట్టుబడతాం. బోర్డు స్థానం ఆదాయ విభాగం నిర్ణయించేది కాదు. డిజైన్ మొదటి రోజునే అది నక్షాలో ఉండాలి.

అపోహ: ఫుట్‌బాల్ పిచ్ వెడల్పూ 68 మీటర్లే కదా, ఆ స్టేడియంలో రగ్బీ లీగ్ ఏ మార్పూ లేకుండా ఆడేయొచ్చు.

వాస్తవం: వెడల్పు సరిపోతుంది, పొడవు సరిపోదు. గోల్ లైన్ నుంచి గోల్ లైన్‌కు 100 మీటర్లు. వాటి వెనుక ట్రై చేసే ఇన్‌గోల్ ఒక్కో వైపు 6 నుంచి 11 మీటర్లు. అంటే ఆటస్థలమే 112 నుంచి 122 మీటర్లు, దాని అవతల మళ్లీ ఖాళీ స్థలం. 105 మీటర్ల ఫుట్‌బాల్ పిచ్ చుట్టూ గట్టిగా కట్టేసిన స్టాండ్లలో ఇన్‌గోల్ ఆరు మీటర్లకు కుదించుకుపోతుంది. దాని వెనుక కృత్రిమ పచ్చిక అంచో, కాంక్రీటో మొదలవుతుంది. గోల్ లైన్ దాటి వెళ్లిన కిక్‌ను వెంటాడేవాళ్లు అక్కడే మోకాళ్లు చెక్కుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. ఫుట్‌బాల్ గోల్ లైన్, రగ్బీ లీగ్ గోల్ లైన్‌కు రెండున్నర మీటర్ల వెనుక, అంటే ఇన్‌గోల్ మధ్యలో పడుతుంది. అందుకే ఫుట్‌బాల్ గోల్ స్తంభాల కోసం నేలలో దించిన గొట్టాల మూతలు ట్రై పడే చోటే ఉంటాయి. మూత నేలకు సమానంగా ఉండటం చాలదు. నేల మట్టం కంటే కిందికి దించి, పైన పచ్చిక బిళ్ల అమర్చాలి, అది కదలకుండా అదిమి, మ్యాచ్‌కు ముందు కాలితో తొక్కి చూడాలి. రగ్బీ స్తంభాల మధ్య దూరం 5.5 మీటర్లు, అడ్డకమ్మీ 3 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆట జరిగే నేల మీదే నిలబడే స్తంభాలు కాబట్టి కింది భాగానికి మందపాటి మెత్తలు చుట్టాలి.

ఓవల్ మైదానాల సంగతి ఒక్క మాటలో: క్రికెట్ సరిహద్దు చుట్టూ కట్టిన స్టాండ్లో పక్కవైపు కూర్చున్నవాళ్లు టచ్‌లైన్‌కు నలభై మీటర్లకు పైగా దూరంలో ఉండిపోతారు. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో 2015 స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌ (రెండు రాష్ట్రాల జట్ల మధ్య పోటీ) మ్యాచ్‌కు 91,513 మంది వచ్చారు, ఆ ఒక్క రాత్రికి అది సరే. వారం వారం ఆడే జట్టుకు ఇల్లుగా పనికిరాదు.

అపోహ: సీట్లు లేకుండా మెట్ల మీద నిలబడి చూసే టెర్రస్‌లు ప్రమాదకరం, అన్నీ సీట్లు చేసేయాలి.

వాస్తవం: ఇంగ్లండ్‌లో 1989 నాటి హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట తర్వాత సీట్లు తప్పనిసరి చేసిన నిబంధన ఫుట్‌బాల్‌కే పరిమితం. రగ్బీ లీగ్‌లో టెర్రస్ సంప్రదాయం బతికే ఉంది. లీడ్స్‌లోని హెడింగ్లీలో దక్షిణ స్టాండ్‌ను కొత్తగా కట్టినప్పుడు కూడా నిలబడే చోటును ఉంచారు. ప్రమాదం నిలబడటంలో ఉండదు. రద్దీ లెక్కలో, అడ్డుకమ్మీ బలంలో ఉంటుంది. ‘గ్రీన్ గైడ్’ అని పిలిచే బ్రిటన్ భద్రతా మార్గదర్శిక ప్రకారం 10 చదరపు మీటర్లకు గరిష్ఠంగా 47 మంది. అదీ అడ్డుకమ్మీలు, మెట్లు, దారులు అన్నీ సరిగ్గా ఉంటేనే. ఏది తక్కువైనా ఆ అంకెను తగ్గించాలి. కమ్మీ ఎత్తు 1.1 మీటర్లు. వరుస వరుసకూ తెగిపోకుండా ఉండాలి, నేరుగా దారుల్లోకి జనం దొర్లిపోయే ఖాళీలు ఉండకూడదు.

పాత మైదానాల్లో మేం మొదట చూసేది రైలింగులనే. జనం గుమిగూడే చోట రైలింగ్ మీటరుకు 3 కిలోన్యూటన్ల తోపుడును తట్టుకోవాలని ఆస్ట్రేలియా ప్రమాణం అడుగుతుంది. మీటరుకు సుమారు మూడొందల కిలోల బరువు ఒరిగినట్టు లెక్క. 2022లో సిడ్నీ లైకార్ట్ ఓవల్‌లో స్కూలు రగ్బీ మ్యాచ్ జరుగుతుండగా విద్యార్థులు ఒరిగిన రైలింగ్ కూలింది. పైపు బాగానే కనిపిస్తూ, అది కాంక్రీటులోకి దిగే చోట లోపల తుప్పు తినేసి ఉండటం పాత రైలింగుల్లో తరచూ కనిపించే లోపం. రంగు వేస్తే అది దాగుతుందే తప్ప తగ్గదు. బరువు పెట్టి పరీక్షించాలి.

అపోహ: గేట్లు ఎన్ని ఉంటే అంత త్వరగా జనం బయటపడతారు.

వాస్తవం: గేట్ల సంఖ్యతో పనిలేదు, దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటే వేగాన్ని నిర్ణయిస్తుంది. చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది వెళ్లగలరు. మామూలుగా ఖాళీ కావడానికి గరిష్ఠ సమయం 8 నిమిషాలు. దాని ప్రకారం 1.2 మీటర్ల మెట్లదారి నుంచి 633 మంది దిగగలరు. 10,000 మంది ఉన్న స్టాండ్‌కు మొత్తం మెట్ల వెడల్పు 19 మీటర్ల దాకా కావాలి. మంటలంటుకునే ముప్పు ఎక్కువున్న పాత చెక్క స్టాండ్లకు ఎనిమిది నిమిషాలు కాదు, రెండున్నర నిమిషాలే ఇవ్వాల్సి రావచ్చు. లోపలికి వచ్చేటప్పుడు ఒక్కో టర్న్‌స్టైల్‌కు (ఒక్కొక్కరినే లోపలికి పంపే తిరుగుడు గేటుకు) గంటకు 660 మందికి మించి లెక్క వేయకూడదు. 12,000 మందికి 19 టర్న్‌స్టైళ్లు. మెట్లదారి మొదట్లో తినుబండారాల బండి పెట్టడానికి అనుమతించారా, ఈ లెక్కలన్నీ చెదిరినట్టే.

అపోహ: హైబ్రిడ్ పచ్చిక వేస్తే పిచ్ సమస్య తీరిపోతుంది.

వాస్తవం: హైబ్రిడ్‌లో 97 శాతం సహజమైన గడ్డే. మిగతాది దాదాపు 18 సెంటీమీటర్ల లోతుకు, రెండేసి సెంటీమీటర్ల దూరంలో కుట్టిన కృత్రిమ నూలు. అది వేళ్లను పట్టి ఉంచుతుందే గానీ ఎండను తేదు. సిడ్నీలో ఆటకాలం మార్చి నుంచి అక్టోబరు దాకా. జూన్ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన దాదాపు 33 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఉత్తరం వైపు స్టాండ్ పైకప్పు అంచు 30 మీటర్ల ఎత్తుంటే నీడ దాదాపు 47 మీటర్లు పరుచుకుంటుంది. అంటే సగం పిచ్. దానికి తోడు సిడ్నీలో వాడే కౌచ్ గడ్డి చలికి నిద్రావస్థలోకి వెళ్లిపోతుంది, పైన రై గడ్డి విత్తనం చల్లాల్సిందే. నీడ పడే చోటికి గడ్డి పెరిగేందుకు వెలుగిచ్చే దీపాల బండ్లు కావాలి. వాటికి సరిపడా కరెంటు పాయింట్లు మైదానం చుట్టూ నిర్మాణ సమయంలోనే వేయాలి, తర్వాత కాంక్రీటు పగలగొట్టి వేయడం నరకం.

అడుగున 300 మి.మీ. ఇసుక మట్టి, దాని కింద కంకర, దాని కింద దాదాపు ఐదేసి మీటర్లకొక డ్రెయిన్ పైపు అనేది మామూలు అమరిక. చెడిపోయేది కింద పైపుల దగ్గర కాదు, పైన. కోసిన గడ్డి, చచ్చిన వేళ్లు కలిసి ఉపరితలంలో జిగట పొరగా మారి ఇసుక నోరు మూసేస్తాయి. వానపడితే నీళ్లు నిలుస్తాయి, అప్పుడు అందరూ డ్రెయిన్లను తిట్టుకుంటారు. ఏటా ఆటకాలం ముగిశాక పై పొరను గీకి తీసేయాలి, మళ్లీ విత్తాలి, ఇసుక చల్లాలి.

ఈ ఆటలో అరుగుదల ఎక్కడుంటుందో తెలిస్తే మరమ్మతు సులువు. యూనియన్‌లోలాగా స్క్రమ్ (రెండు జట్ల ఆటగాళ్లు గుంపుగా వంగి తోసుకోవడం) నేలను తవ్వదు. ఇక్కడ ట్యాకిల్ తర్వాత ఆటగాడు లేచి బంతిని కాలితో వెనక్కి తోసేది ఎక్కువగా నడి పట్టీలోనే. అక్కడా, గోల్ లైన్‌కు పది ఇరవై మీటర్ల దగ్గరా గడ్డి ముందు పోతుంది. పచ్చిక సిబ్బంది గడ్డి బిళ్లల నిల్వ ఆ కొలతకే ఉంచుకోవాలి.

అపోహ: లైట్ల కాంతి ఎంత ఎక్కువైతే ప్రసారం అంత బాగుంటుంది.

వాస్తవం: నేల మీద పడే కాంతి కంటే, ఆటగాడి ముఖం మీద ప్రధాన కెమెరా వైపు పడే నిలువు కాంతి ముఖ్యం. దానికంటే ముఖ్యం ‘బాంబ్’ అనే ఎత్తైన కిక్‌ను పట్టేవాడి కళ్లు. అతను ఆకాశంలోకే చూస్తాడు. గోల్ లైన్ వెనుక పైకప్పు అంచున తక్కువ ఎత్తులో దీపాలు పెడితే బంతి వాటి వెలుగులో మాయమవుతుంది. పాత మెటల్ హలైడ్ దీపాల్లో కరెంటు పోతే మళ్లీ వెలగడానికి పది పదిహేను నిమిషాలు పట్టేది. ఎల్ఈడీ వెంటనే వెలుగుతుంది, ఇది నిజమైన లాభం. కానీ పాత స్తంభానికే కొత్త దీపాలు తగిలించే ముందు వాటి బరువూ, గాలికి అడ్డం తిరిగే విస్తీర్ణమూ లెక్కించి, స్తంభం పునాది బోల్టులను తనిఖీ చేయాలి. టౌన్స్‌విల్‌లాంటి తుపాను ప్రాంతంలో ఇది కాగితం మీద దాటేసే విషయం కాదు.

అపోహ: మరుగుదొడ్లు, డ్రెస్సింగ్ రూములు చివర్లో డబ్బు మిగిలితే చూసుకోవచ్చు.

వాస్తవం: ఫుట్‌బాల్‌లో విరామం 15 నిమిషాలు, ఇక్కడ 10. ఒక్కొక్కరికి ఒకటిన్నర నిమిషం అనుకుంటే ఒక గది విరామంలో ఆరుగురికే అందుతుంది. వెయ్యి మంది మహిళల్లో మూడో వంతు మంది వచ్చినా 56 గదులు కావాలి. పాత స్టాండ్లలో అందులో నాలుగో వంతైనా ఉండవు. 2018 నుంచి ఆస్ట్రేలియాలో మహిళల ప్రీమియర్‌షిప్ కూడా నడుస్తోంది. ఒకే రోజు రెండు మ్యాచ్‌లుంటే నాలుగు జట్లకు డ్రెస్సింగ్ రూములు కావాలి, వాటిలో తెరిచి ఉన్న షవర్లకు బదులు తలుపులున్న గదులు కావాలి. తలకు దెబ్బ తగిలిన ఆటగాడిని పరీక్షించే గది, ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే సొరంగం పక్కనే, చప్పుడు లేకుండా ఉండాలి. ఆ పరీక్షకు ఉన్నది 15 నిమిషాలు, నడకలోనే మూడు నిమిషాలు పోకూడదు. 2016 నుంచి వీడియో రిఫరీ నిర్ణయాలు సిడ్నీలోని ‘బంకర్’ అనే కేంద్ర గది నుంచి వస్తున్నాయి. అందువల్ల ప్రతి వేదికకూ రెండు వేర్వేరు దారుల్లో ఫైబర్ ఉంటే మంచిది. రెండూ ఒకే గొట్టంలో వేస్తే ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోతాయి.

అపోహ: పార్కింగ్ లేని స్టేడియానికి జనం రారు.

వాస్తవం: 2003లో పునర్నిర్మించిన బ్రిస్బేన్ లాంగ్ పార్క్ 52,500 సీట్లది. సాధారణ ప్రేక్షకులకు పార్కింగ్ లేదు. మ్యాచ్ టికెట్‌తోనే బస్సు, రైలు ప్రయాణం వచ్చేస్తుంది. నిండుతూనే ఉంది.

అపోహ: స్టాండ్ తర్వాత స్టాండ్ కడితే ఆటలు ఆగవు, డబ్బూ మిగులుతుంది.

వాస్తవం: కొన్నిసార్లు కుదురుతుంది, కానీ లెక్క వేసే చెప్పాలి. మూసిన స్టాండ్‌తో పాటు దాని కిందున్న కరెంటు గది, నీటి ట్యాంకు, అంబులెన్స్ దారి కూడా పోతాయి. అందుకే పని వరుస ఇలా ఉండాలి: ముందు పాత కాంక్రీటు, రైలింగులు, మెట్లదారుల పరీక్ష, తర్వాత కరెంటు, నీరు, ఫైబర్ మళ్లింపు, ఆ తర్వాతే కూల్చివేత. పైకప్పు, తెరలు చివరికి. హెడింగ్లీ పనుల మధ్య లీడ్స్ జట్టు 2018 ఆరంభంలో కొన్ని సొంత మ్యాచ్‌లను ఎలండ్ రోడ్ ఫుట్‌బాల్ మైదానంలో ఆడింది. పెన్రిత్ జట్టు తమ మైదానం తిరిగి కడుతుండగా 2025లో కామ్‌బ్యాంక్ స్టేడియానికి మారింది. కొత్త స్టాండ్ పూర్తయ్యాక కూడా ఒకేసారి నింపకూడదు. ముందు తక్కువ మందితో ఒక పరీక్ష కార్యక్రమం, తర్వాత ఇంకాస్త ఎక్కువ మందితో మరొకటి నిర్వహించాలి. ప్రతిసారీ టర్న్‌స్టైల్ లెక్క, ఖాళీ అయ్యే సమయం, విరామంలో క్యూ పొడవు రాసుకోవాలి. ఆ అంకెలు డిజైన్ అంకెలకు దగ్గరపడ్డాకే పూర్తి సామర్థ్యానికి సంతకం పెట్టాలి.