“అందరూ మనవాళ్ళే, హెచ్‌ఆర్ ఎందుకండీ?”: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరుల్లో చిన్న, మధ్యతరహా సంస్థలకి హెచ్‌ఆర్ పనులు చూడటం నా వృత్తి. బందరు రోడ్డు బట్టల షోరూములు, సూర్యారావుపేట నర్సింగ్ హోములు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు. వ్యాపారాలు వేరైనా యజమానులు చెప్పే మాటలూ, సిబ్బంది అడిగే ప్రశ్నలూ చాలావరకు ఒకటే. తరచూ వినేవి కొన్ని ఇక్కడ పెడుతున్నాను. ఇందులో చట్టమూ ఉంది, నా అభిప్రాయాలూ ఉన్నాయి. ఏది ఏదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

అపోహ: హెచ్‌ఆర్ పెద్ద కంపెనీలకే, పన్నెండు మంది ఉన్న షాపుకి ఎందుకు?

మనిషిని తీసుకోవడం, ఏం పని చెయ్యాలో చెప్పడం, నేర్పడం, జీతం లెక్కకట్టడం, సెలవులు, గొడవలు, మానేసినప్పుడు లెక్క తేల్చి పంపడం. హెచ్‌ఆర్ అంటే ఇంతే. పన్నెండు మంది ఉన్న చోటా ఇవన్నీ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. ఓనరుగారో, అకౌంటెంటో, ఓనరుగారి బావమరిదో. ఎవరి బాధ్యత ఏమిటో తేల్చుకోరు కాబట్టే ఒక సెలవుకి ఒకాయన సరే అంటాడు, ఇంకొకాయన జీతం కోస్తాడు.

చట్టమేమో తలలు లెక్కపెడుతుంది. 10 మంది ఉంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే మొత్తం) వర్తిస్తాయి. 20కి చేరితే పీఎఫ్ (భవిష్య నిధి). కాంట్రాక్టరు ద్వారా పనిలోకి వచ్చినవాళ్ళూ పీఎఫ్ లెక్కలోకి వస్తారు. ఒకసారి పరిధిలోకి వచ్చాక సంఖ్య తగ్గినా బయటపడటం ఉండదు. అప్రెంటిస్‌ల చట్టం కింద నమోదైనవాళ్ళ సంగతి వేరు గానీ, పూర్తి పని చేయిస్తూ ‘ట్రైనీ’ అని రాసుకుంటే చెల్లదు. 19 దగ్గర ఆగిపోయిన హాజరు పట్టీలు ఈ ఊళ్ళో చాలా చూశాను. ఇరవయ్యో మనిషి ఎప్పుడూ ట్రైనీయే!

అపోహ: పీఎఫ్ పెడితే చేతికొచ్చే జీతం తగ్గుతుంది, అందుకే స్టాఫే వద్దంటున్నారు.

వద్దనేవాళ్ళు ఉన్నారు, నిజమే. వాళ్ళకి ఎవరూ పూర్తి లెక్క చెప్పలేదు. 15,000 జీతం మీద చూద్దాం. ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800 కోత. యజమాని తన జేబులోంచి మరో 1,800 వెయ్యాలి. ఆ వాటాలో 1,250 పెన్షన్ పథకానికి పోతుంది, మిగతా 550 పీఎఫ్ ఖాతాలో పడుతుంది. దీనికి తోడు ఈడీఎల్‌ఐ బీమా ఉంది. ఉద్యోగంలో ఉండగా మనిషి చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల వరకు వస్తుంది, దానికి ఉద్యోగి దగ్గర పైసా తీసుకోరు. ఇదంతా కాగితం మీద వేసి చూపించాక కూడా వద్దనేవాళ్ళు తక్కువ.

అసలు గొడవ ఇంకోచోట ఉంది. కొన్నిచోట్ల రెండు వాటాలూ ఉద్యోగి జీతంలోంచే కోస్తారు. 15 వేలు జీతమని మాటిచ్చి అందులోంచి 3,600 తీసేయడం చట్టవిరుద్ధం. చేరేముందే సీటీసీలో (ఉద్యోగి మీద యజమానికయ్యే మొత్తం ఖర్చులో) యజమాని వాటా ఎంతో విడిగా చూపించి, చేతికి ఎంతొస్తుందో చెప్పి తీసుకుంటే అది వేరే సంగతి. కానీ ఆ చెప్పడమే జరగదు. ఇంటర్వ్యూలో ఊరు, కులదైవం దాకా మాట్లాడతారు. ‘చేతికి ఎంతండీ’ దగ్గరికొచ్చేసరికి ‘అవన్నీ తర్వాత అకౌంటెంటుగారు చెబుతార్లే’.

బేసిక్ 5 వేలు చూపించి మిగతాదంతా అలవెన్సులుగా రాయడం ఇంకో పాత ఎత్తు. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు పీఎఫ్ లెక్కకి బేసిక్‌లో భాగమేనని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఇంకాస్త బిగించాయి. వేతనం లెక్కలోకి రాని అలవెన్సులు మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే చూస్తారు.

అపోహ: పెళ్ళైన అమ్మాయిని తీసుకుంటే ప్రసూతి సెలవు భారం మన నెత్తినే.

‘పెళ్ళెప్పుడమ్మా? పిల్లలెప్పుడు?’ అని ఇంటర్వ్యూలో అడగడం మన దగ్గర ఆప్యాయత కింద చెల్లిపోతుంది. దాని వెనక ఉన్నది 26 వారాల జీతం భయం. సగానికి పైగా ఆడవాళ్ళే పనిచేసే నర్సింగ్ హోముల్లోనూ ఇదే టెన్షన్. చాలామంది విషయంలో ఈ లెక్కే తప్పు. నెలకి 21,000 లోపు వేతనంతో ఈఎస్‌ఐ కింద ఉన్న ఉద్యోగినికి, ముందుగా కట్టి ఉండాల్సినన్ని రోజుల చందా పడి ఉంటే, ఆ 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ సంస్థే ఇస్తుంది. అదీ పూర్తి వేతనం లెక్కన. యజమాని కట్టేది నెలనెలా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. రిసెప్షన్‌లో 14 వేలకి పనిచేసే అమ్మాయి మీద యజమానికి పడేది నెలకి 455 రూపాయలు. అది ఎగ్గొట్టడానికి ఈఎస్‌ఐలో చేర్చకపోతే మాత్రం భారం నిజంగానే నెత్తిన పడుతుంది.

21 వేలు దాటినవాళ్ళకి యజమానే ఇవ్వాలి. కాన్పుకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే సెలవు 12 వారాలే.

ఈఎస్‌ఐ అనగానే గుణదల ఆస్పత్రిలో క్యూ గుర్తొస్తుంది అందరికీ. ఆ విసుగు నాకూ తెలుసు, కాదనను. కానీ జబ్బు చేసి సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం నగదుగా వస్తుందని ఆ క్యూలో నిలబడ్డవాళ్ళలోనే చాలామందికి తెలియదు. చేరిన రోజే చెప్పాల్సిన విషయం ఇది.

అపోహ: ఒరిజినల్ సర్టిఫికెట్లు మన బీరువాలో ఉంటే మనిషి ఎక్కడికీ పోడు.

కాలేజీల్లో లెక్చరర్లవీ, ఆస్పత్రుల్లో నర్సులవీ సర్టిఫికెట్లు పెట్టుకోవడం రెండు ఊళ్ళలోనూ ఆచారంలా అయిపోయింది. ఒరిజినల్స్‌తో సరిచూసుకుని, జిరాక్సు ఉంచుకుని, అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేయాలి. వాటిని తాకట్టుగా పెట్టుకునే హక్కు యజమానికి ఏ చట్టమూ ఇవ్వలేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా ఇది తెలివితక్కువ పని. మంచి పనిమంతురాలైన నర్సుకి సర్టిఫికెట్లు అడగని ఆస్పత్రి పక్క వీధిలోనే దొరుకుతుంది. మీ బీరువాకి భయపడి చేరేది ఇంకెక్కడా అవకాశం దొరకనివాళ్ళే.

శిక్షణకి నిజంగా ఖర్చు పెట్టారా, బాండు రాసుకోండి. మూడేళ్ళు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025లో తీర్పిచ్చింది. అయితే ఆ మొత్తం జరిగిన నష్టానికి తగినట్టు ఉండాలి. రెండు రోజులు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పి, 12 వేల జీతగాడితో ‘మానేస్తే లక్ష’ అని రాయించుకున్న కాగితం కోర్టులో నిలబడదనే నా అభిప్రాయం. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు తీసుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి నేను పని చెయ్యను.

అపోహ: మనిషిని చూడగానే చెప్పేస్తాను, పనికొస్తాడో రాడో.

ఈ మాట అనని యజమాని లేడు. మాటకారి అందరికీ నచ్చుతాడు, పని తెలిసి నోరు లేనివాడు వెనక్కి పోతాడు. అందరికీ అవే ప్రశ్నలు వేసి మార్కులు వేసుకునే ఇంటర్వ్యూ, తోచింది అడిగే పిచ్చాపాటీ కన్నా మెరుగ్గా మనిషిని అంచనా వేస్తుందని దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. చేయించి చూడటం కూడా అంతే. ఆటోనగర్ మేస్త్రీలకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వెల్డర్ వస్తే కబుర్లుండవు, రెండు ప్లేట్లిచ్చి అతకమంటారు. అకౌంటెంటుని తీసుకునే ఏసీ ఆఫీసులో మాత్రం ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్‌లో) నాలుగు ఎంట్రీలు వేయించి చూడటానికి మొహమాటం!

చూడటానికి ముందు ఇంకోటుంది. పనేమిటో అరపేజీ రాసి పెట్టుకోవడం. ‘ఆఫీసు పనులన్నీ చూసుకోవాలి’ అని తీసుకున్న కుర్రాడు ఓనరుగారి పిల్లల్ని స్కూల్లో దింపలేదని చెడ్డవాడైపోయిన కథలు ఉన్నాయి. నియామక పత్రం ఇవ్వడం లేబర్ కోడ్‌లతో ఎలాగూ తప్పనిసరి అయింది. ఆ అరపేజీ దానికి జత చేస్తే చాలు.

అపోహ: హెచ్‌ఆర్ అంటే ఓనరు మనిషి.

జీతం ఇచ్చేది ఓనరే కాబట్టి పూర్తిగా అబద్ధమని అనలేను. కానీ ఈ వృత్తి మన దేశంలో వేళ్ళూనుకున్నది కార్మిక సంక్షేమంలో. 500 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మంచి హెచ్‌ఆర్ యజమానికి ఇష్టంలేని సంగతి కూడా ముందే చెప్పగలగాలి. చెప్పలేని చోట ఆ మనిషి చేసేది హాజరు వేసుకోవడమే.

అపోహ: మా దగ్గర అలాంటివి జరగవు, కమిటీ అక్కర్లేదు.

పదిమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి సభ్యులు ఒకరు. అంతకన్నా చిన్న చోట పనిచేసేవాళ్ళు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ‘జరగవు’ అన్న చోట సాధారణంగా చెప్పుకునే చోటు ఉండదు, అంతే.

అపోహ: మానేసినవాడి లెక్క 45 రోజుల తర్వాత చూద్దాం.

ఆ లేబర్ కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో రావాల్సిన వేతనం ఇచ్చేయాలి. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువుంది. ఐదేళ్ళు నిండినవాళ్ళకి ఆఖరి వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదికి వచ్చేది. 13,000 వేతనంతో ఆరేళ్ళు చేసినవాళ్ళకి ఏడాదికి 7,500 చొప్పున 45,000. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్ళకి కొత్త కోడ్ ప్రకారం ఒక్క ఏడాది చాలు.

డబ్బు ఇచ్చాక కూడా ఒక పని మర్చిపోతారు. పీఎఫ్ పోర్టల్‌లో మానేసిన తేదీ వెయ్యడం. అది లేకపోతే పూర్తి విత్‌డ్రాయల్ ఆగిపోతుంది, మనిషి పాత ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాడు. యజమాని వెయ్యకపోతే, ఆఖరి చందా పడ్డ రెండు నెలల తర్వాత ఉద్యోగే యూఏఎన్‌తో (తన పీఎఫ్ నంబరుతో) లాగినై, ఆధార్ ఓటీపీతో ఆ తేదీ వేసుకోవచ్చు.