ఒక గోడౌను, ఇద్దరు గుమాస్తాలు: బ్రౌజర్‌లో రెండో భాష కథ

పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు అడిగాడు: "మాస్టారూ, మా వీధి కిరాణా కొట్టాయన తెలుగు, ఒడియా, సవర మూడూ మాట్లాడేస్తాడు. అంత పెద్ద బ్రౌజర్‌కి జావాస్క్రిప్ట్ ఒక్కటే వచ్చేం? పైథాన్ కూడా పెట్టెయ్యొచ్చు కదండీ?"

1995లో నెట్‌స్కేప్ అనే అప్పటి బ్రౌజర్ కంపెనీ వాళ్ళు జావాస్క్రిప్ట్ పెట్టారు, అదే పాతుకుపోయింది అని చాలామంది చెబుతారు. ఆ జవాబుతో నాకు తృప్తి లేదు. రెండో భాషను పెట్టి చూసినవాళ్ళున్నారు మరి. మైక్రోసాఫ్ట్ 1996లోనే తన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో వీబీస్క్రిప్ట్ అనే రెండో భాష ఇచ్చింది. 2011లో గూగుల్ డార్ట్ అనే భాషను తెచ్చి, అప్పట్లో ఆపిల్ సఫారీకీ, గూగుల్ క్రోమ్‌కీ లోపలి యంత్రమైన వెబ్‌కిట్ ఇంజిన్‌లో దానికీ చోటు అడిగింది. ఆపిల్ ఇంజనీర్లు ఒప్పుకోలేదు. అభ్యంతరాలు చాలా ఉన్నాయి గానీ, నన్ను పట్టుకుని వదలని చిక్కు ఒకటుంది: చెత్త ఎత్తడం, అంటే ప్రోగ్రాముకు ఇక అక్కర్లేని మెమరీని ఖాళీ చేయడం.

కుర్రాడు చెప్పిన కొట్టుకే ఒక గోడౌను ఉందనుకోండి. అదే మెమరీ. బస్తాలు ప్రోగ్రాములోని వస్తువులు. గుమాస్తా అప్పుడప్పుడు పుస్తకం తీసి, ఇప్పుడు కొట్టులో ఉన్న బేరగాళ్ళ దగ్గర మొదలుపెట్టి, ఏ పద్దు ఏ బస్తాను చూపిస్తోందో ఒక్కొక్కటే గుర్తు పెట్టుకుంటూ పోతాడు. గుర్తు పడని బస్తా ఎవరికీ అక్కర్లేదు, బయటికి పోతుంది. జావాస్క్రిప్ట్ ఇంజిన్ చేసేది ఇదే.

ఇప్పుడు రెండో గుమాస్తాను పెట్టండి. ఒకడి పుస్తకం తెలుగులో, రెండోవాడిది ఒడియాలో. ఒకరి రాత ఒకరు చదవలేరు. తెలుగు గుమాస్తా ఒక బస్తా దగ్గరికొచ్చి, దానిమీద ఒడియా చీటీ చూసి, 'వాడికి కావాలేమో' అని వదిలేస్తాడు. ఒడియా గుమాస్తా తన బస్తా మీద తెలుగు చీటీ చూసి అలాగే వదిలేస్తాడు. నిజానికి ఆ రెండు బస్తాలూ ఒకదాన్నొకటి చూపించుకుంటున్నాయంతే. వాటిని అడిగే బేరగాడు లేడు. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరి లెక్కా తప్పు లేదు, అయినా గోడౌను నిండిపోతుంది. మూడో భాషను చేరిస్తే చీటీలు మూడు పుస్తకాల మధ్య చుట్టు తిరగొచ్చు. అప్పుడు ఏ ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగినా తేలదు.

ఇది ఊహ కాదు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో స్క్రిప్టు పైన చెప్పినట్టు గుర్తులు పెట్టేది, పేజీలోని బటన్లు, పెట్టెలు మాత్రం 'నన్నెంతమంది పట్టుకున్నారు' అనే అంకెతో బతికేవి, అది సున్నా అయితేనే పోయేవి. బటన్ తన క్లిక్ ఫంక్షన్‌ను పట్టుకుంటుంది, ఫంక్షన్ బటన్‌ను పట్టుకుంటుంది. అంకె సున్నాకి రాదు. ఆరో వెర్షన్‌లో పేజీ వదిలి వెళ్ళిపోయినా ఆ మెమరీ తిరిగొచ్చేది కాదు, బ్రౌజర్ మూసేదాకా అంతే. ఒక్క భాషతోనే ఈ గొడవ!

  

మందు లేకపోలేదు. ఫైర్‌ఫాక్స్‌లో రెండు పుస్తకాలూ చదవగలిగే తనిఖీదారు ఒకడున్నాడు. సైకిల్ కలెక్టర్ అంటారు, అంటే ఇలాంటి చుట్లను పట్టి చెత్త ఎత్తేవాడు. అతను చూస్తున్నంతసేపు మిగతా పని ఆగాలి, ఆ ఆగడం ఎంత తగ్గిద్దామా అనే వాళ్ళ పాట్లన్నీ. క్రోమ్ వాళ్ళు ఆయిల్‌పాన్ పేరుతో పేజీ వైపు వస్తువులను కూడా గుర్తులు పెట్టే పద్ధతిలోకి తెచ్చి, క్రోమ్ జావాస్క్రిప్ట్ ఇంజిన్ అయిన వీ8తో కలిపి ఒకే నడకలో చూసేలా చేశారు. అంత కష్టపడి కలిపిన పుస్తకంలోకి పరాయి భాష తన సొంత కలెక్టర్‌తో వస్తానంటే ఎవరు రానిస్తారు?

2015లో గూగుల్ క్రోమ్‌లో డార్ట్ పెట్టే ఆలోచన మానుకుంది. అదే ఏడాది ప్రకటించిన వెబ్‌అసెంబ్లీ, అంటే వేరే భాషల్లో రాసిన ప్రోగ్రాములను మార్చి బ్రౌజర్‌లో నడిపే కోడ్ రూపం, ఈ చిక్కును పక్కనుంచి దాటేసింది. మొదటి రూపంలో ప్రోగ్రాముకు 64 కిలోబైట్ల చొప్పున పెరిగే ఒక్క మెమరీ ముక్క ఇచ్చేవారు, అందులో ఉండేవి బైట్లే. బయటి బస్తా చీటీ లోపల పెట్టే వీలే లేదు కనుక చుట్టు తిరగదు. సీ, సీ++, రస్ట్ భాషలకు అది చాలు. సొంత కలెక్టర్ ఉన్న భాషలు మాత్రం దాన్ని కూడా మోసుకు రావాలి. 2023 చివర్లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండిట్లోనూ ఇంకో మెట్టు వచ్చింది: వెబ్‌అసెంబ్లీ భాషలు తమ వస్తువులను ఇంజిన్ పుస్తకంలోనే రాయించుకోవచ్చు. గుమాస్తా ఒక్కడే. ఈ దారినే 2024లో డార్ట్ వెబ్‌అసెంబ్లీ రూపంలో బ్రౌజర్‌లోకి వచ్చింది.

పైథాన్ సంగతి అడిగావు కదా బాబూ. పయొడైడ్ అనేది అసలు పైథాన్‌నే వెబ్‌అసెంబ్లీలోకి మార్చి, దాని మెమరీ లెక్కల పద్ధతితో సహా తెచ్చింది. హాయిగా నడుస్తుంది. కానీ పైథాన్ వస్తువును జావాస్క్రిప్ట్‌కు అందిస్తే, పని అయ్యాక డిస్ట్రాయ్ అని నువ్వే పిలవడం మంచిది. రెండు భాషల మధ్య చుట్టు పడితే, అది తేల్చే గుమాస్తా అక్కడ లేడు.