లోలా మాంటెజ్ ఎవరి బిడ్డ? చర్చి, సైన్యం, కోర్టు రిజిస్టర్లు తేల్చిన పుట్టుపూర్వోత్తరాలు

న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలో ఒక సమాధి రాయి మీద మిసెస్ ఎలైజా గిల్బర్ట్ అన్న పేరు, 1861 జనవరి 17 అన్న మరణతేదీ, 42 ఏళ్ల వయసు చెక్కి ఉంటాయి. ఆ రాతి కింద ఉన్నది విక్టోరియా కాలంలో యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా రంగస్థలాల మీద స్పానిష్ నర్తకిగా పేరు మోగించి, బవేరియా రాజు మొదటి లుడ్విగ్ చేత కౌంటెస్ బిరుదు పొంది, 1848లో ఆయన సింహాసనం వదులుకోవడానికి దారితీసిన అలజడికి కేంద్రబిందువైన లోలా మాంటెజ్. రాతి మీది వివరాల్లో మరణతేదీ సరైనది. గిల్బర్ట్ ఆమె పుట్టింటి పేరే గాని, ఆ పేరున్న భర్త ఆమెకు ఎన్నడూ లేడు కాబట్టి ముందున్న ‘మిసెస్’ పొసగదు. వయసు మాత్రం పూర్తిగా తప్పు. ఆ తప్పును సరిదిద్దే కాగితం బయటపడడానికి 1990ల చివరి దాకా ఆగవలసి వచ్చింది.

ఆమె తన గురించి తాను చెప్పుకున్న మాటలను వరసగా పెట్టి చూస్తే చిక్కు ఎంత గట్టిదో తెలుస్తుంది. 1843 జూన్ 3న లండన్‌లోని హర్ మెజెస్టీస్ థియేటర్‌లో తొలిసారి నాట్యమాడినప్పుడు ఆమె సెవిల్ నగరం నుంచి వచ్చిన డోనా లోలా మాంటెజ్. ప్రేక్షకుల్లో కొందరు ఆమెను వెంటనే గుర్తుపట్టి, ఈమె స్పెయిన్ దేశస్థురాలు కాదు, ఒక సైనికాధికారి నుంచి విడిపోయిన మిసెస్ జేమ్స్ అని బయటపెట్టారు. ఆమె వెనక్కి తగ్గకుండా పత్రికలకు ఉత్తరం రాసి, తాను సెవిల్‌లోనే పుట్టానని, 1833లో పదేళ్ల వయసులో ఇంగ్లండులోని బాత్ నగరానికి కొన్ని నెలల పాటు వచ్చానని చెప్పింది. ఆ లెక్కన పుట్టిన సంవత్సరం 1823 అవుతుంది. పదిహేనేళ్ల తరవాత అమెరికాలో స్వీయచరిత్రను ఉపన్యాసాలుగా వినిపించినప్పుడు సెవిల్ పోయి ఐర్లండులోని లిమరిక్ వచ్చింది, సంవత్సరం 1824 అయింది. సమాధి రాయి లెక్క, దాని వెంట ఎన్నో ప్రామాణిక గ్రంథాల లెక్క 1818 దగ్గర తేలాయి. మన దగ్గర బడి రిజిస్టర్‌లో వేసిన పుట్టినతేదీకీ అసలు తేదీకీ పొంతన లేని తరం ఇంకా ఇళ్లలో ఉంది కాబట్టి ఈ తికమక తెలుగు పాఠకులకు మరీ వింతగా తోచకపోవచ్చు. అయితే ఇక్కడ తేదీతో పాటు ఊరు, దేశం, మతం, తల్లి వంశం కూడా మారుతూ వచ్చాయి.

ఐర్లండులో పుట్టిన వ్యక్తికి జనన ధ్రువపత్రం వెతకడం సులభమే కదా అనుకోవడానికి వీల్లేదు. ఇంగ్లండులో ప్రభుత్వం జనన మరణాలను నమోదు చేయడం 1837 జులైలో మొదలైతే, ఐర్లండులో అందరి జననాల నమోదు 1864 దాకా మొదలే కాలేదు. అంతకు ముందు కాలానికి ఆధారం చర్చి రిజిస్టర్లే. చర్చ్ ఆఫ్ ఐర్లండు రిజిస్టర్లలో సగానికి పైగా డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనానికి చేర్చి ఉన్నాయి. 1922 జూన్‌లో అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో ఫోర్ కోర్ట్స్ సముదాయంలో ఆ భవనం పేలిపోయి, కాలిపోయింది. 1821 నాటి ఐర్లండు జనాభా లెక్కలు కూడా దాదాపుగా అందులోనే బూడిదయ్యాయి. లిమరిక్ రిజిస్టర్లలో లోలా కోసం ఎంత వెతికినా దొరకకపోవడానికి ఈ మంటలే కారణమని చాలాకాలం సర్దిచెప్పుకోవడానికి వీలుంది. అసలు కారణం వేరు: ఆమె లిమరిక్‌లో పుట్టలేదు, ఆమెకు బాప్టిజం ఐర్లండులో జరగలేదు.

ఆ నమోదు లివర్‌పూల్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి రిజిస్టర్‌లో ఉంది. 1823 ఫిబ్రవరి 16న ఎన్సైన్ (అప్పటి పదాతి దళంలో అధికారుల్లో కింది హోదా) ఎడ్వర్డ్ గిల్బర్ట్, ఎలైజా దంపతుల కూతురికి అక్కడ బాప్టిజం ఇచ్చారు. తల్లి పేరే కూతురిదీ. బిడ్డ పుట్టింది 1821 ఫిబ్రవరి 17న, ఐర్లండు వాయవ్యాన స్లైగో కౌంటీలోని గ్రేంజ్ అనే పల్లెలో. ఇంగ్లండు చర్చిలు 1813 నుంచి చట్టం ప్రకారం వాడిన అచ్చు రిజిస్టర్‌లో బాప్టిజం తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి, కార్యం జరిపించిన పాస్టర్ సంతకం వీటికి గడులు ఉండేవి గాని, పుట్టిన తేదీకి ప్రత్యేకంగా గడి లేదు. అయినా కొన్ని చర్చిల్లో దాన్ని కూడా రాసి ఉంచే అలవాటు ఉండబట్టి వంశచరిత్రలు వెతికేవారికి మేలు జరిగింది. మర్నాటితో రెండేళ్లు నిండే పిల్లకు అంత ఆలస్యంగా, దారిమధ్యలోని రేవు పట్టణంలో బాప్టిజం ఎందుకు ఇప్పించారన్నదానికి సమాధానం కూడా తేదీల్లోనే ఉంది. ఆ కుటుంబం మార్చి 14న అక్కడి నుంచి ఓడెక్కి భారతదేశానికి బయలుదేరింది. సెయింట్ పీటర్స్ చర్చి కట్టడాన్ని, డబ్లిన్ దస్తావేజులు కాలిన 1922లోనే కూల్చేశారు. దాని రిజిస్టర్లు మాత్రం నిలిచాయి.

ఈ ఒక్క నమోదు పుట్టినరోజు చిక్కుతో పాటు మరో పాత నిందకు కూడా జవాబు చెప్పింది. ఎడ్వర్డ్ గిల్బర్ట్, ఎలైజా ఆలివర్‌ల పెళ్లి 1820 ఏప్రిల్ 29న జరిగింది. లోలా 1818లో పుట్టిందని నమ్మితే, ఆమె తల్లిదండ్రుల పెళ్లికి రెండేళ్ల ముందే పుట్టిందని ఒప్పుకోవలసి వస్తుంది. తల్లి పెళ్లినాటికే గర్భవతి అన్న పుకారు ఎంతో కాలం నడిచింది. పెళ్లికీ పుట్టుకకూ మధ్య తొమ్మిది నెలల పందొమ్మిది రోజులు ఉన్నాయని తేలాక ఆ మాటకు ఆధారం పోయింది. నలభై ఏళ్లు నిండడానికి సరిగ్గా నెల ముందు చనిపోయిన మనిషికి సమాధి రాయి రెండేళ్లకు పైగా వయసు కలిపింది. బతికున్నంత కాలం రెండు మూడేళ్లు తగ్గించుకుంటూ వచ్చిన ఆమె చూసి ఉంటే దేనికన్నా ఎక్కువగా దీన్నే ఆక్షేపించేదేమో.

గ్రేంజ్ ఆమెకు సొంతూరేమీ కాదు. తండ్రి ఉన్న 25వ పదాతి దళం ఐర్లండులో ఉండగా అక్కడ పుట్టింది, అంతే. సైనికుల పిల్లల వంశం వెతికేవారు ముందు రెజిమెంటు ఎక్కడుందో చూసుకోవాలి, ఊరు తరవాత. రెజిమెంట్ల హాజరు పట్టీలు, జీతాల లెక్కలు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎడ్వర్డ్ గిల్బర్ట్ భారతదేశానికి వెళ్తున్న 44వ పదాతి దళానికి మారాడు. వచ్చిన ఏడాదే, 1823లో, ఇప్పుడు పట్నా పక్కనున్న దానాపూర్ కంటోన్మెంటులో కలరాతో పోయాడు. పందొమ్మిదేళ్ల వితంతువు మరుసటి ఏడాది లెఫ్టినెంట్ పాట్రిక్ క్రేగీని పెళ్లి చేసుకుంది. కూతురిని 1826లో సవతి తండ్రి బంధువుల దగ్గరికి, స్కాట్లండులోని మాంట్రోజ్‌కు పంపించారు. అక్కడి నుంచి సండర్లాండుకు, తరవాత బాత్‌లోని బడికి చేరింది. పత్రికలకు రాసిన ఉత్తరంలో బాత్ ప్రస్తావన ఒక్కటే నిజానికి దగ్గరగా ఉంది.

భారతదేశంలో జరిగిన ఇలాంటి మరణాలు, పెళ్లిళ్లు, బాప్టిజాలు ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ మూడు ప్రెసిడెన్సీల వారీగా నకలు రాయించి ఏటేటా లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. బెంగాల్ వరసలో దానాపూర్ ఉన్నట్టే, మద్రాసు వరసలో మచిలీపట్నం, విశాఖపట్నం, సికింద్రాబాదు కంటోన్మెంట్ల చాప్లెయిన్లు రాసిన నమోదులు ఉన్నాయి. తెలుగు నేల మీద ఖననమైన తెల్లవారి వంశాలను వెతుకుతూ ఏటా ఎవరో ఒకరు ఇక్కడి శ్మశానాలకు వస్తుంటారంటే వారి చేతిలో ఉండేది చాలాసార్లు ఆ నకళ్ల నకలే.

సర్కారు కాగితాల్లో చేరని ఒక సాక్ష్యం కూడా ఇందులో ఉంది. లోలా 1837లో బడి వదిలి లెఫ్టినెంట్ థామస్ జేమ్స్‌తో వెళ్లిపోయి ఐర్లండులో పెళ్లి చేసుకుని, అతనితో మళ్లీ భారతదేశానికి వచ్చింది. గవర్నర్ జనరల్ ఆక్లండ్ సోదరి ఎమిలీ ఈడెన్ 1839లో సిమ్లా నుంచి రాసిన ఉత్తరంలో ఒక మిసెస్ జె. గురించి చెబుతుంది: చాలా అందగత్తె అని, తనకన్నా పదిహేనేళ్లు పెద్దవాణ్ణి కట్టుకుందని, అతని జీతం నెలకు 160 రూపాయలని, ఆమెకు ఇప్పుడు పదిహేడేళ్లేనని, అంత కూడా ఉన్నట్టు కనిపించదని. 1821లో పుట్టిన అమ్మాయికి అప్పుడు పద్దెనిమిది. 1818లో పుట్టి ఉంటే ఇరవై ఒకటి, 1824లో పుట్టి ఉంటే పదిహేను. ఈ ఉత్తరాలు 19వ శతాబ్దంలోనే అచ్చయ్యాయి. 1818 మీద అనుమానం పుట్టడానికి అంతకన్నా పెద్ద ఆధారం అక్కర్లేదు, అయినా పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి 1818 అనే వేసుకుంటూ పోయాయి.

నర్తకి లోలా, గిల్బర్ట్ కూతురు ఎలైజా ఒకరే అని చట్టబద్ధంగా కట్టిపడేసింది మాత్రం కోర్టు కాగితాలు. భర్తను వదిలి ఇంగ్లండుకు తిరిగి వస్తుండగా ఓడలో లెనాక్స్ అనే అధికారితో ఆమె చనువు ఆధారంగా థామస్ జేమ్స్ వేసిన దావాను, పెళ్లి తగవులు విచారించే చర్చి న్యాయస్థానమైన లండన్ కన్సిస్టరీ కోర్టు 1842 డిసెంబరులో తేల్చింది. భార్యాభర్తలు విడిగా బతకవచ్చు, ఒకరు బతికుండగా మరొకరు మళ్లీ పెళ్లాడరాదు అన్నది తీర్పు. మళ్లీ పెళ్లికి వీలిచ్చే సంపూర్ణ విడాకులు ఆ రోజుల్లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తే తప్ప దొరికేవి కావు, ఆ పద్ధతి మారింది 1857 చట్టంతో. అందుకే 1849 జులైలో ఆమె జార్జ్ ట్రాఫర్డ్ హీల్డ్ అనే యువ సైనికాధికారిని లండన్‌లో పెళ్లి చేసుకోగానే, అతని మేనత్త, మొదటి భర్త బతికుండగా మరొకరిని పెళ్లాడిన నేరం కింద ఆమె మీద కేసు పెట్టించింది. కేసు నిలవాలంటే రెండో పెళ్లి నాటికి మొదటి భర్త భారతదేశంలో బతికున్నాడని చూపాలి, దానికి సైన్యం కాగితాలనే మేజిస్ట్రేటు ముందు పెట్టారు. బెయిల్ దొరికిన వెంటనే దంపతులు దేశం దాటిపోయారు. ఆ విచారణ కోసం సేకరించిన పెళ్లి నమోదు, 1842 తీర్పు, సైనిక పట్టీలు ఒక మనిషి జీవితంలోని వేర్వేరు పేర్లను ఒకే దారానికి గుచ్చాయి.

తల్లి వైపు సంగతి ఆమె ఉపన్యాసాల్లో గొప్పగా చెప్పుకున్నదానికి సగం నిజం, సగం కట్టుకథ. తల్లి లిమరిక్ కౌంటీలోని కాజిల్ ఆలివర్ వారి ఆడపడుచన్నది నిజమే. తాత చార్ల్స్ సిల్వర్ ఆలివర్ కార్క్ కౌంటీకి హై షెరిఫ్‌గా, పార్లమెంటు సభ్యుడిగా పనిచేసిన భూస్వామి. అయితే ఎలైజా ఆలివర్ ఆయన వివాహేతర సంతానం. ఈ సంగతి లోలా సభల్లో ఎన్నడూ రాలేదు. దానికి బదులు ఆలివర్లు స్పెయిన్‌కు చెందిన మోంటాల్వో ప్రభువంశీయులని, ఆ వంశంలో మూర్ (ఒకప్పుడు స్పెయిన్‌ను ఏలిన ఉత్తర ఆఫ్రికా ముస్లింల) రక్తం ఉందని చెప్పి, రంగస్థలం మీద కట్టిన స్పానిష్ వేషానికి పుట్టుకతో వచ్చిన హక్కు చూపించింది. ఆలివర్ల భూముల చరిత్ర మాత్రం 17వ శతాబ్దం మధ్య దగ్గర మొదలవుతుంది. లిమరిక్ కౌంటీలో ఆ ఎస్టేటును మొదట సంపాదించినవాడు రాబర్ట్ ఆలివర్, ఐర్లండు మీద దండెత్తిన ఇంగ్లండు సేనాని క్రామ్‌వెల్ సైన్యంతో అక్కడికి వచ్చిన ఇంగ్లీషు కెప్టెన్.