పెర్రిన్ లెక్కపెట్టిన బంక రేణువులు

కంటికి కనబడని అణువులు నిజంగా ఉన్నాయా, లేక లెక్కలు కుదరడానికి శాస్త్రజ్ఞులు కల్పించుకున్నవా అని ఒక పాఠకుడు అడిగారు. కొట్టిపారేయదగిన ప్రశ్న కాదిది. అణువు అనుభవాలను క్లుప్తంగా చెప్పుకోవడానికి పనికొచ్చే సాధనమే తప్ప, అది ఉందనడానికి ఆధారం లేదని ఆస్ట్రియా భౌతికశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మాఖ్ వంటి ఉద్దండుడే వాదించాడు. శాస్త్రం చెప్పే కనబడని వస్తువులు నిజంగా ఉన్నాయనే వైజ్ఞానిక వాస్తవవాదం మీద తత్త్వశాస్త్రంలో నడుస్తున్న తగవు ఇదే.

నా దృష్టిలో మాఖ్‌కు గట్టి జవాబు 1908లో పారిస్‌లో, ఒక నీటి పొరలో దొరికింది. ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు జీన్ పెర్రిన్ గాంబోజ్ అనే పసుపుపచ్చ చెట్టుబంకను నీటిలో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో పదేపదే తిప్పి, ఒకే పరిమాణం గల రేణువులను వేరుచేశాడు. వాటి వ్యాసార్ధం 0.212 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మిల్లీమీటరులో పదో వంతు లోతున్న నీటిలో వదిలితే అవన్నీ అడుగుకు చేరవు. బరువు కిందికి లాగుతుంటే, నీటి అణువుల తాకిడి వాటిని చెదరగొడుతూ ఉంటుంది. అడుగు నుంచి 5, 35, 65, 95 మైక్రాన్ల ఎత్తుల్లో మైక్రోస్కోపుతో లెక్కపెడితే రేణువులు 100, 47, 22.6, 12 నిష్పత్తిలో ఉన్నాయి. అంటే 30 మైక్రాన్లు పైకి వెళ్లినప్పుడల్లా సంఖ్య సుమారు సగమవుతోంది. ఆక్సిజన్ వాతావరణం కూడా ఇదే సూత్రం ప్రకారం పలచబడుతుంది, కాకపోతే సగం కావడానికి సుమారు 5 కిలోమీటర్లు ఎక్కాలి. ఈ రెండు ఎత్తుల నిష్పత్తి దాదాపు పదహారున్నర కోట్లు కనుక, నీరు పైకి నెట్టే బలం, అంటే ఉత్ప్లవనం, పోగా రేణువుకు మిగిలే బరువు ఆక్సిజన్ అణువు బరువుకు అన్ని రెట్లుండాలి. రేణువు పరిమాణం, సాంద్రత తెలుసు; ఇక అణువు బరువు ఒక్క భాగహారంతో వచ్చేస్తుంది! దాని నుంచి అవొగాడ్రో సంఖ్య, అంటే ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల లెక్క, వస్తుంది. మన బడుల్లో ఆ సంఖ్యను బట్టీ పట్టిస్తారు గాని, దాన్ని ఇలా లెక్కగట్టవచ్చని చెప్పరు.

ఈ ఒక్క ప్రయోగంతో మాఖ్ పక్షం ఓడిపోదు. ఆకాశపు నీలిమ, రేడియోధార్మికత, విద్యుదావేశం వంటి పొంతన లేని విషయాల నుంచి కూడా దాదాపు అదే సంఖ్య వస్తోందని పెర్రిన్ 1913 నాటికి పట్టికగా చూపాడు. అంతకుముందే, 1909లో, అణువులను ఒప్పుకోని రసాయన శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ తన పట్టు వదులుకున్నాడు.

సిద్ధాంతం ఫలించినంత మాత్రాన అది చెప్పే వస్తువులు ఉన్నట్టు కాదని 1981లో తత్త్వవేత్త లారీ లాడన్ ఎత్తిన అభ్యంతరం బలమైనదే. కాంతి తరంగాలు పయనించే మాధ్యమంగా ఊహించి, వాటిని అంత బాగా వివరించడానికి వాడుకున్న ఈథర్ లేనే లేదు. అయితే ఈథర్‌లో భూమి వేగాన్ని పట్టబోయిన మైకెల్సన్, మోర్లీలకు 1887లో ఆశించిన మార్పు కనబడలేదు. అణువుకు ఏ దారిన వెళ్లినా లెక్క దొరికింది. రాగి రేకులతో ‘సూక్ష్మశక్తి’ అమ్మేవాళ్లు అణువు కూడా కనబడదు కదా అంటుంటారు గాని, సంబంధం లేని రెండు దారుల్లో ఒకే లెక్క చూపమంటే మాట మారుస్తారు.

పెర్రిన్ పట్టిక కొలతల పొందికను చూపుతుందే గాని నమ్మకాన్ని బలవంతం చేయదని తత్త్వవేత్త బాస్ వాన్ ఫ్రాసెన్ అంటాడు. ఆ జాగ్రత్త నాకూ కొంత నచ్చుతుంది, ఎందుకంటే అదే 1913లో బోర్ గీసిన ఎలక్ట్రాన్ కక్ష్యలు తరవాత నిలవలేదు. నిలిచింది ఆ సంఖ్య. పెర్రిన్ చెప్పిన 6.8×10²³ నేటికి 6.022×10²³కు సవరణ పొందింది, 2019 నుంచి పదార్థ పరిమాణానికి ప్రమాణమైన మోల్ నిర్వచనమే దాని మీద ఆధారపడి ఉంది.